వరస తప్పింది

"మీ మనవరాలి ఒంట్లో ఒక ప్రోటీన్ తయారవట్లేదండీ. అందుకని పాపకి ప్రోటీన్ ఎక్కువున్నవేవీ పెట్టకూడదు" అంది ఆస్పత్రిలో కౌన్సెలర్.

నేను మా అమ్మాయి మొహం చూశాను. తల ఊపుతోంది. అల్లుడి మొహం చూశాను. అతనూ తల ఊపుతున్నాడు. ఆ గదిలో తల ఊపనిది నేనూ, నా ఒళ్లో కూర్చుని నా కళ్లజోడు తాడు నములుతున్న పిట్టా మాత్రమే.

"ఇంకోసారి చెప్పు తల్లీ. ఒంట్లో లేదు కాబట్టి పెట్టకూడదా?"

"అవునండీ."

"ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టొద్దన్నట్టుందమ్మా నువ్వు చెప్పేది."

"అమ్మా, ముందు ఆవిణ్ణి చెప్పనీ" అని మా అమ్మాయి కసిరింది. ఈమధ్య అది నాతో మాట్లాడితే కసురుకోవడమే.

పిట్ట అంటే నా మనవరాలు. పుట్టినప్పుడు పిడికెడంత ఉండేది, ఆ పేరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఏడాది దాటింది. పుట్టిన కొత్తలోనే మడమలోంచి ఒక చుక్క రక్తం తీసి పరీక్ష చేసి, ఈ జబ్బుందని చెప్పారట. నాకు మాత్రం మా అమ్మాయి ఫోన్లో "తిండిలో కొంచెం పథ్యముందమ్మా" అని ఊరుకుంది. పథ్యం ఎవరికి లేదు, నాకూ ఉంది, నేను పాటించను. అలా అనుకుని నేను నిశ్చింతగా నా స్వెట్టర్ల దుకాణంలో కూర్చున్నాను. పాత స్వెట్టర్లు విప్పి, ఆ ఊలుతో కొత్తవి అల్లి ఇవ్వడం నా పని. మా అమ్మాయి మళ్లీ ఉద్యోగంలో చేరాలి, పిల్లని చూసేవాళ్లు లేరంటే దుకాణం మూసేసి వచ్చాను. వచ్చాక తెలిసింది. పథ్యం తప్పితే పిల్ల బుర్ర ఎదగదు. మాట రాదు, బుద్ధి మందగిస్తుంది. ఒకసారి అలా అయితే వెనక్కి తెచ్చుకోవడం కష్టమట.

మా అమ్మాయి ఒకటే మాట చెప్పింది. "నీకు అర్థమైందని నాకు నమ్మకం కుదిరితేనే పాపని నీ దగ్గర వదిలి వెళ్తాను. లేకపోతే పని మానేస్తాను." కళ్లజోళ్ల దుకాణంలో కళ్లు పరీక్షించే ఉద్యోగం అది. ఎంత కష్టపడి చదివి తెచ్చుకుందో నాకు తెలుసు. అందుకే ఆ గదిలో బుద్ధిగా కూర్చున్నాను.

కౌన్సెలర్ చిన్న పిల్ల. ఓపికగా కాగితం తీసి ఒక గుండ్రం గీసింది. దాని లోపల ఇంకో గుండ్రం.

"ఇది కణం అండీ. లోపలిది దాని గది. ఆ గదిలో జన్యువులుంటాయి. ఏ ప్రోటీన్ ఎలా చెయ్యాలో అందులో రాసుంటుంది. ఆ అసలు రాత బయటికి రాదు. దానికి నకలు తయారై, నకలు బయటికొస్తుంది. బయట ఒక యంత్రం ఉంటుంది. అది నకలు మీద అక్షరాల్ని మూడేసి చొప్పున చదువుతూ పోతుంది. ప్రతి మూడక్షరాలకీ ఒక పూస. అమైనో ఆమ్లాలంటారు వాటిని, ఇరవై రకాలు. పూసలు మోసుకొచ్చేవి మోసుకొస్తుంటే యంత్రం గుచ్చుతూ ఉంటుంది. 'ఇక ఆపు' అని రాసున్న చోట ఆపేస్తుంది. ఆ దండ మడతలు పడితే అదే ప్రోటీన్."

"ఎవరు చదువుతారన్నావ్?"

"యంత్రమండీ."

"దానికి చదువెవరు నేర్పారు?"

ఆ అమ్మాయి నవ్వింది. "అది అలాగే తయారవుతుందండీ."

"దేంతో తయారవుతుంది?"

"కొంత భాగం ప్రోటీన్లతోనే."

"మరి ఆ ప్రోటీన్లని గుచ్చిందెవరు?"

"అంతకుముందున్న యంత్రం."

నా బుర్ర గిర్రున తిరిగింది. ఇంత చిన్న పిల్ల ఒంట్లో, కంటికి కనపడని చోట, చదివేవాళ్లూ మోసేవాళ్లూ గుచ్చేవాళ్లూ ఇంతమంది పనిచేస్తున్నారా! పిట్టని కాస్త జాగ్రత్తగా పట్టుకున్నాను, గట్టిగా పట్టుకుంటే లోపల పని ఆగిపోతుందేమో అన్నట్టు.

"సరే, పాపకి ఏమైంది?"

"ఒకచోట ఒక అక్షరం మారిపోయింది. దాంతో పడాల్సిన పూస బదులు ఇంకో పూస పడుతోంది."

ఇది నాకు తెలిసిన విషయం లాగే అనిపించి ధైర్యమొచ్చింది. "ఒక్క కుట్టు తప్పితే స్వెట్టర్ పనికిరాకుండా పోతుందా? వేసుకునేవాళ్లకి తెలియనుకూడా తెలీదు."

"ఎక్కడ తప్పిందన్నదాన్ని బట్టి ఉంటుందండీ. కొన్నిచోట్ల తప్పితే ఏమీ కాదు. పాపకి తప్పినచోట తప్పితే దండ సరిగ్గా మడత పడదు, పనిచెయ్యదు."

మెడ దగ్గర ఒక్క కుట్టు జారితే స్వెట్టరంతా కిందిదాకా నిచ్చెనలా విడిపోవడం నాకూ తెలుసు.

"ఒక మాట అడగాలి, ఏమీ అనుకోకండి" అంది కౌన్సెలర్. "మీ అమ్మాయీ అల్లుడూ పెళ్లికి ముందు చుట్టాలా?"

"కాదే. పెళ్లిచూపుల దాకా మొహమొహాలు తెలీవు."

"అలాగా. ఎందుకడిగానంటే, అమ్మ వైపూ వరస తప్పింది, నాన్న వైపూ వరస తప్పింది. రెండూ కలిసి పాపకి వచ్చాయి. ఇలాంటివి తరాలుగా ఇళ్లల్లో వస్తూనే ఉంటాయి, బయటపడవు."

నా ఒళ్లు మండిపోయింది.

"ఏం మాటమ్మా అది! మా ఇంటా వంటా లేదు. మా వాళ్లలో వరస తప్పి చేసుకున్నవాళ్లు ఎవరూ లేరు. కావాలంటే వాళ్ల వైపు అడుగు, ఇక్కడే ఉన్నాడుగా!"

అల్లుడికి పొలమారింది. మా అమ్మాయి మొహం ఎర్రబడింది. "అమ్మా! అక్షరాల వరస! ఆవిడ చెప్పేది అక్షరాల వరస గురించి!"

కౌన్సెలర్ చేతులు జోడించేసింది పాపం. "క్షమించండి, నా మాట వేరేలా వినపడింది." నేనూ ఏదో గొణిగాను. అయ్యిందేదో అయ్యింది, ఆమె మళ్లీ పాఠం మొదలుపెట్టింది. పాల గురించీ, గ్లాసు గురించీ ఏదో చెబుతోంది. నేను మాత్రం అక్కడ లేను. నిజం చెప్పొద్దూ, మా చిన్నాన్న రెండో కొడుకు తనకి పిన్ని వరసయ్యే పిల్లని చేసుకుని, పెళ్లయ్యాక చుట్టాలందర్నీ ఎవర్నేమని పిలవాలో తెలియని గందరగోళంలో పడేశాడు. ఆ సంగతి ఈ పిల్లకి ఎలా తెలిసిందా, దానివల్లే నా పిట్టకి ఇలా అయ్యిందా అని నా మనసు అక్కడే గిరికీలు కొట్టింది.

"అర్థమైందా అండీ?" అంది కౌన్సెలర్.

"ఆఁ, అర్థమైంది" అన్నాను. ఆ గదిలో ఇంకోసారి నోరు విప్పే మొహం నాకు లేదు.

సాయంత్రం ఇంట్లో అల్లుడు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. మాట నెమ్మది, ఆ నెమ్మదికే నాకు ఒక్కోసారి చిరాకొస్తుంది.

"అత్తయ్యా, ప్రోటీన్ అంటే ఒకరి పేరనుకోకండి. అదొక వరస" అన్నాడు.

"మళ్లీ వరసా!"

"వినండి. మీరూ నాకు అత్తయ్యే. మా నాన్న చెల్లెలూ అత్తయ్యే. మా మావయ్య భార్యా అత్తయ్యే. ఎవరికి వాళ్లు వేరు. 'మా ఇంటికి అత్తయ్య రాలేదు' అని నేను మీ గురించి ఏడుస్తుంటే, నలుగురు వేరే అత్తయ్యల్ని పంపిస్తే సరిపోతుందా?"

"నాలాంటి అత్తయ్య ఇంకొకత్తె దొరకదులే" అన్నాను.

"అదే నేననేది. పాపకి లేని ప్రోటీన్ ఒక్కటే. గుడ్డులో ఉన్నవి వేరే. అవి కడుపులోకెళ్లి పూసపూసగా విడిపోతాయి. ఆ పూసల్లో ఒక రకం పాపకి ఎక్కువైపోతుంది. దాన్ని ఇంకో రకంగా మార్చాల్సిందే ఆ లేని ప్రోటీన్. అది లేదు కాబట్టి పూస పేరుకుపోయి మెదడుని పాడుచేస్తుంది."

ఇది కాస్త తలకెక్కింది. ఆ పూసే శత్రువు. గుడ్డులో ఉంటుంది, పాలల్లో ఉంటుంది, జున్నులో, చిక్కుడు గింజల్లో ఉంటుంది. అది పిట్ట నోట్లోకి వెళ్లకూడదు. అంతే కదా! ఇంత చిన్న విషయానికి గుండ్రాలు గీసి, మా చిన్నాన్న కొడుకు దాకా ఎందుకు తీసుకెళ్లారు?

మా అమ్మాయి ఉద్యోగంలో చేరింది. వెళ్లే ముందు వంటింట్లో నాకు అన్నీ చూపించింది. ఆ పూస లేకుండా తయారుచేసిన పొడి పాలు పూటపూటకీ కలిపి పట్టాలి. ఆ పొడి తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది, పిట్ట మాత్రం మారు మాట్లాడకుండా తాగుతుంది. పుట్టినప్పటినుంచీ దానికి అదే అలవాటు కదా. కూరగాయలు ఉడకబెట్టి మెత్తగా చెయ్యాలి. మధ్యాహ్నం మాత్రం ఒక చిన్న గాజు గ్లాసులో గీత దాకా మామూలు పాలు.

"మామూలు పాలా? అందులో ఆ పూస ఉండదూ?"

"ఉంటుందమ్మా. గీత దాకానే పొయ్యి."

"ఎందుకు?"

"చెప్పిందిగా ఆవిడ! గీత దాటకూడదు, అంతే" అని బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది.

నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. శత్రువుని తెలిసి తెలిసి గీత దాకా పొయ్యడమేమిటి? గీత దాటకూడదన్నారంటే తక్కువైతే ఇంకా మంచిదనేగా! మొదటి రోజు గీతకి కిందే ఆపాను. మర్నాడు అడుగున తడిసేంత పోశాను. ఆ తర్వాత అదీ మానేసి పాలు సింకులో పారబోశాను. నా పిట్ట బుర్రకి నేను కాపలా కాస్తున్నాను అనుకుంటే ఎంత గర్వంగా ఉండేదో. మా అమ్మాయి ఇంటికొచ్చి "పాలు పట్టావా?" అంటే "అన్నీ సరిగ్గానే చూస్తున్నాను, నీకెందుకు" అనేదాన్ని. అబద్ధం చెప్పినట్టు నాకు అనిపించనే లేదు.

అంతలో పిట్టకి జ్వరమొచ్చింది. పొడి పాలు కూడా కక్కేసింది. తిననిదాన్ని బలవంతపెట్టడమెందుకని తడిగుడ్డ నుదుటి మీద వేసి భుజాన వేసుకుని తిప్పాను. ఏమీ తినకపోతే ఆ పూస అసలే లోపలికి వెళ్లదు కదా అని నాకు లోలోపల ధైర్యం.

జ్వరం తగ్గాక, ఒంట్లో ఆ పూస ఎంతుందో చూడ్డానికి మామూలుగా తీసే రక్తం చుక్క తీసి పంపారు. మా అమ్మాయికి సెలవున్న రోజు ఫోన్ వచ్చింది. వింటూ వింటూనే అది గోడకి ఆనుకుంది.

"పెరిగిపోయిందట" అంది ఫోన్ పెట్టేసి. "బాగా పెరిగిపోయిందట. రేపు పాపని తీసుకుని రమ్మన్నారు."

"ఎలా పెరుగుతుందే?"

"అదే నేనడుగుతున్నాను. ఏం పెట్టావమ్మా?"

"ఏం పెట్టలేదు!"

"నిజం చెప్పు. నేను తిట్టను. గుడ్డు పెట్టావా? ఏడుస్తోందని బిస్కట్టు ఇచ్చావా?"

"నా మీద ఒట్టు, నీ మీద ఒట్టు, ఏమీ పెట్టలేదు!"

అల్లుడు నెమ్మదిగా లేచి వంటింట్లోకి వెళ్లాడు. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడైంది. నేను వెనకాలే వెళ్లి చూశాను. గుడ్ల అట్ట ముందు వంగి నిలబడ్డాడు. నన్ను చూసి నీళ్ల సీసా తీసుకున్నాడు, దాహం వేసినట్టు.

"లెక్క సరిపోయిందా బాబూ?" అన్నాను. అతను తల దించుకున్నాడు. ఇన్నేళ్లలో నన్నెవరూ దొంగని చూసినట్టు చూడలేదు.

"రేపు వచ్చాక మా మేనేజరుకి చెప్పేస్తాను. పని మానేస్తున్నానని" అంది మా అమ్మాయి. కోపంగా కూడా అనలేదు. నాకు అదే ఎక్కువ బాధేసింది.

మర్నాడు అదే గది, అదే కౌన్సెలర్. ఈసారి కాగితం తియ్యలేదు. పాపకి ఏమేం పట్టారో ఒక్కొక్కటీ అడిగింది. పొడి పాలు చెప్పాను. కూరగాయలు చెప్పాను. జ్వరం చెప్పాను.

"మధ్యాహ్నం మామూలు పాలు తాగిందా?"

నేను తలెత్తాను. నా మీద పడ్డ నింద తుడుచుకునే సమయం వచ్చిందనుకున్నాను. "ఒక్క చుక్క పట్టలేదమ్మా. గీత దాకా పొయ్యమన్నా నేను పొయ్యలేదు. పాలల్లో ఆ పూస ఉంటుందని నాకు తెలుసు."

మా అమ్మాయి నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపముందో జాలి ఉందో నాకు తెలియలేదు.

"ఆ పూస కూడా పాపకి కొంచెం కావాలండీ" అంది కౌన్సెలర్, నెమ్మదిగా. "పాప ఎదగాలంటే ఒంట్లో రోజూ కొత్త ప్రోటీన్లు తయారవ్వాలి కదా. యంత్రం చదువుకుంటూ పోయి ఆ పూస పేరు వచ్చిన చోట ఆగుతుంది. పూస లేకపోతే దండ ముందుకు సాగదు. బయటినుంచి రాకపోతే ఒళ్లు ఊరుకోదు. కండలో ఉన్న ప్రోటీన్లని విప్పి పూసలు తీసుకుంటుంది. అలా విప్పినప్పుడు అవసరమైనదానికంటే ఎక్కువ బయటపడుతుంది. జ్వరంలో ఏమీ తినకపోతే మరీ ఎక్కువ."

"పెడితే పెరుగుతుంది, పెట్టకపోయినా పెరుగుతుందా?"

"అవునండీ. అందుకే గీత."

విప్పడం అన్న మాట ఒక్కటి నాకు అర్థమైంది. నా బతుకంతా చేసింది అదే. ఒక కొస దొరికితే చాలు, లాగుతుంటే స్వెట్టరు చేతులూ మెడా అన్నీ ఊలై పోతాయి. నా పిట్ట భుజాన పడుకుని తనని తనే విప్పుకుంటూ ఉంటే, నేను నుదుటి మీద తడిగుడ్డ వేసి, పాలు సింకులో పోసి, కాపలా కాస్తున్నానని మురిసిపోయాను. ఏడుపు ఆగలేదు. ఆ గదిలోనే, ఆ చిన్నపిల్ల ముందే ఏడ్చాను.

"ఇంతకే ఏమీ అయిపోదండీ. మళ్లీ దింపుకోవచ్చు. ఇవాళ్టి నుంచే గీత దాకా పట్టండి" అంది ఆమె. మా అల్లుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. గుడ్ల సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో నేనూ మా అమ్మాయీ పక్కపక్కన కూర్చున్నాం. పిట్ట దాని ఒళ్లో నిద్రపోయింది. చాలాసేపు కిటికీలోంచి చూసి, అది నా వైపు తిరగకుండానే అంది.

"నాకూ తెలీదమ్మా."

"ఏంటి?"

"గీత ఎందుకో. ఇవాళ్టిదాకా నాకూ తెలీదు. చెప్పే ఉంటారు, పాప పుట్టిన కొత్తలో. అప్పుడు నా చెవికేమీ ఎక్కలేదు. ఆ రోజు ఆవిడ మళ్లీ చెప్పినప్పుడు వరస గొడవలో నేనూ వినలేదు. మళ్లీ అడగడానికి సిగ్గేసింది. చదువుకున్నదాన్ని కదా. తల ఊపుతూ వచ్చాను. నువ్వు 'ఎందుకు' అని అడిగినప్పుడల్లా కసురుకున్నది అందుకే."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను. ఎన్నాళ్లయిందో అది నా చేతిలో చెయ్యి ఉంచి.

"మరి ఉద్యోగం?" అన్నాను.

"వెళ్తాను. మానేసి ఇంట్లో కూర్చుంటే నాకు మాత్రం నీకంటే ఎక్కువేం తెలుసు?"

"నన్ను నమ్ముతావా?"

"ఏమో అమ్మా. అర్థం కాకపోతే నన్నడుగు. నాకూ అర్థం కాకపోతే ఇద్దరం వెళ్లి అడుగుదాం. పారబొయ్యకు, అంతే."

మర్నాడు మధ్యాహ్నం గ్లాసు కిటికీ దగ్గర పెట్టి, వంగి, కళ్లజోడు సవరించుకుని, గీత దాకా పాలు పోశాను. ఇది తిండో, మందో, విషమో నాకు ఇప్పటికీ తెలీదు. మూడూ అట. పిట్టని ఒళ్లో కూర్చోబెట్టుకుని పెదాలకి అందించాను. అట్టపెట్టె వాసన పాలకి అలవాటైన పిల్ల, ఇన్నాళ్లకి మళ్లీ మామూలు పాల రుచి తగిలేసరికి రెండు చేతులతో గ్లాసు లాక్కుని గుటగుటా తాగేసింది. అడుగున మిగిలింది వేలితో తుడిచి నాకింది. ఖాళీ గ్లాసు నా మొహం ముందు పెట్టింది.

"ఇంకా" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. దానికి ఇంకా మాటలు రాలేదు. ఊఁ అంటుంది, అమ్ అంటుంది, అంతే. మాట వస్తుందో రాదో అని ఈ ఇంట్లో ముగ్గురమూ ఒకరికొకరు చెప్పుకోకుండా ఎదురుచూస్తున్నాం.

"ఏమన్నావురా? మళ్లీ అను!"

"ఇంకా!"

నవ్వాను, ఏడ్చాను, దాన్ని ముద్దులతో ముంచెత్తాను. పాల సీసా నా మోచేతి పక్కనే ఉంది. మూత తీసే ఉంది. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"పిట్ట మాట్లాడిందే! 'ఇంకా' అంది. స్పష్టంగా అంది, పాలు తాగి, ఇంకా కావాలని."

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

"పోశావా?" అంది.

"లేదు" అన్నాను.

పిట్ట ఖాళీ గ్లాసు పట్టుకుని నా కాళ్లకి చుట్టుకుపోయి, ఫోన్లో వాళ్లమ్మకి కూడా వినపడేంత గట్టిగా, మళ్లీ అడిగింది.